ర్యామ్ వేగం: పెట్టె మీద ఒకటి, పనిలో మరొకటి

1999 నవంబరులో ఇంటెల్ 820 చిప్‌సెట్ మార్కెట్లోకి వచ్చింది. ర్యాంబస్ కంపెనీ రూపొందించిన ఆర్‌డీర్యామ్ దాని జోడీ. అప్పటిదాకా ఇళ్లలోని కంప్యూటర్లలో ఎక్కువగా ఉన్నవి పీసీ100, పీసీ133 రకం ఎస్‌డీర్యామ్‌లు. కొత్త మెమరీ పేరేమో పీసీ800! ఆ అంకె చూస్తే పాతవాటికి కాలం చెల్లినట్టే అనిపించింది. ధర మాత్రం ఎస్‌డీర్యామ్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ.

విడిభాగాలు కొని సొంతంగా కంప్యూటర్లు బిగించుకునే ఔత్సాహికులు ఆ అంకెను నమ్మి ఊరుకోలేదు. రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి నడిపి చూశారు. అప్పటి ఇంటెల్ ప్రాసెసర్ పెంటియం 3 మీద చాలా పనుల్లో పీసీ800 పెద్దగా ముందుకు పోలేదు. కొన్నింట్లో వెనకబడింది కూడా.

ఎందుకలా? పీసీ133లో డేటా దారి వెడల్పు 64 బిట్లు, ఆర్‌డీర్యామ్‌లో 16 బిట్లే. ఆ సన్నని దారిలో సెకనుకు 80 కోట్ల సార్లు డేటా పంపి ఆర్‌డీర్యామ్ 1.6 గిగాబైట్లు అందించగలదు. పీసీ133 అందించేది సుమారు 1.06. కానీ పెంటియం 3కి డేటా చేరవేసే దారి, అంటే బస్సు, తీసుకోగలిగిందీ అంతే కాబట్టి మిగతా వేగానికి పనే లేదు. పైగా ఆర్‌డీర్యామ్ చిప్పులన్నీ ఒకే వరసలో ఉంటాయి. దగ్గరి చిప్పు కూడా అన్నిటికన్నా దూరపు చిప్పుతో సమానంగా ఆలస్యం చేసి జవాబివ్వాలి.

మెమరీని అంచనా కట్టడంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. కుళాయి పైపు ఎంత లావుందన్నది ఒక ప్రశ్న, తిప్పాక మొదటి బొట్టు ఎంతసేపటికి వస్తుందన్నది మరో ప్రశ్న. మొదటిది బ్యాండ్‌విడ్త్, రెండోది లేటెన్సీ. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది మొదటిదే.

మొదటిది పెరుగుతూ వచ్చినా రెండోది పెద్దగా తగ్గలేదు. దానికి మూలం డీర్యామ్ నిర్మాణంలోనే ఉంది. 1966లో ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెన్నార్డ్ ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరుతో ఒక బిట్టును దాచే పద్ధతి కనిపెట్టారు. 1968లో దానికి పేటెంటు వచ్చింది. నేటి ర్యామ్‌లోనూ ఉన్నది ఆ కణమే. అందులోని విద్యుదావేశం అత్యల్పం. ముందు అడ్డువరసను తెరిచి, ఆ కాస్త ఆవేశాన్ని గుర్తుపట్టి, పెద్దది చేసి, అప్పుడు కావలసిన నిలువువరసను ఎంచుకోవాలి. ఈ మెట్లను ఎంత తొందరపెట్టినా ఒక హద్దు దాటి కుదించలేం. ర్యామ్ మీద ముద్రించే టైమింగుల్లో ముఖ్యమైనవి ఈ మెట్లకు పట్టే క్లాకుల లెక్కే.

ఒక్కో క్లాకుకు రెండుసార్లు డేటా పంపే డీడీఆర్ మెమరీ వచ్చాక ఔత్సాహికుల వేట చిప్పుల మీదికి మళ్లింది. విన్‌బాండ్ తయారుచేసిన బీహెచ్-5 చిప్పులకు వాళ్లలో ఎంత గిరాకీ అంటే, కొనేముందు బ్రాండు పేరు కన్నా లోపల ఉన్న చిప్పు ఏదో ఆరా తీసేవారు. సాధారణంగా 2.5 వోల్టుల మీద నడిచే డీడీఆర్‌కు మూడు వోల్టులు దాటించినా బీహెచ్-5 తట్టుకుని, 2-2-2 టైమింగులను వదలకుండా వేగం పెంచుకునేది. డీడీఆర్4 కాలంలో ఆ ఆదరణ శామ్‌సంగ్ బీ-డైకి దక్కింది.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. డీడీఆర్-400లో క్లాకు 200 మెగాహెర్ట్జ్, అంటే ఒక్కో క్లాకుకు 5 నానోసెకన్లు. నిలువువరసను ఎంచుకున్నాక డేటా రావడానికి పట్టే క్లాకుల లెక్కే సీఎల్. సీఎల్2 అయితే 10 నానోసెకన్లు. డీడీఆర్4-3200 సీఎల్16కీ 10. డీడీఆర్5-6000 సీఎల్30కీ సరిగ్గా 10! ఈలోగా ఒక్కో మాడ్యూలు బ్యాండ్‌విడ్త్ మాత్రం 3.2 నుంచి 48 గిగాబైట్లకు, అంటే 15 రెట్లు పెరిగింది. సీఎల్30 అన్న అంకె చూసి కొత్త ర్యామ్ మందకొడిదనుకోవడం ఎంత పొరపాటో, 6000 చూసి అన్ని పనులూ 15 రెట్లు చురుగ్గా సాగుతాయనుకోవడమూ అంతే పొరపాటు.

వీటన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది, మెమరీ తప్పు చేయకుండా నిలుస్తుందా అన్నది. ఆ ఇంటెల్ 820నే మామూలు ఎస్‌డీర్యామ్‌తో నడిపించడానికి పెట్టిన మెమరీ ట్రాన్స్‌లేటర్ హబ్‌లో లోపం బయటపడి, 2000 మే నెలలో ఇంటెల్ ఆ మదర్‌బోర్డులను మార్చి ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. అందుకే ఔత్సాహికులు మెమ్‌టెస్ట్86 వంటి ప్రోగ్రాములను గంటల తరబడి నడుపుతారు. ఒక్క తప్పు కనబడినా ఆ సెట్టింగు పనికిరానట్టే. చెడిన ఒక్క బిట్టు ఎప్పుడు ఏ ఫైలును పాడుచేస్తుందో ఎవరికీ తెలియదు.

ఇక ప్రాసెసర్ మారితే తీర్పూ మారుతుంది. 2022లో ఏఎండీ విడుదల చేసిన రైజెన్ 7 5800ఎక్స్‌3డీలో, ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ అయిన ఎల్3 క్యాష్ ఏకంగా 96 మెగాబైట్లు. 5800ఎక్స్ కన్నా దాని గరిష్ఠ క్లాకు తక్కువే అయినా, అదే డీడీఆర్4తో చాలా ఆటల్లో అది ముందు నిలిచింది. కావలసిన డేటాలో ఎక్కువ భాగం క్యాష్‌లోనే దొరుకుతుంది కాబట్టి, దాని పక్కన ఖరీదైన ర్యామ్ పెట్టినా కలిసొచ్చేది తక్కువ.