రిటైర్డ్ అయిండు
మహబూబ్‌నగర్ బస్టాండులో "మా చిన్నాయిన రిటైర్డ్ అయిండు" అంటే ఎవరూ వింతగా చూడరు. నిజానికి 'రిటైర్' అంటే చాలు. జరిగిపోయిన కాలం సంగతి 'అయిండు' చూసుకుంటుంది. ఫెయిలయిండు, మిస్సయింది అనేటప్పుడు అక్కడి నాలుక ఈ లెక్క తప్పదు. ఆ 'అయిండు'కు మూలం 'అగు' ధాతువు. దాన్నుంచే వచ్చిన 'కా' అనే రూపం 'గా' అయి మాటల వెంట చేరింది: చల్లగా, తెల్లగా. ఇవాళ లేటుగా, ఫాస్టుగా, అర్జెంటుగా అంటున్నామంటే ఆ పాత క్రియ చలవే. కాని, కాబట్టి, అయితే కూడా దాని సంతానమే. ఉర్దూ నుంచి వచ్చిన 'జల్ది' మాత్రం 'గా' లేకుండానే "జల్ది రా" అని నడుస్తోంది. విభక్తుల దగ్గరే అసలు పేచీ: "ఇన్ టైములో వచ్చిండు" అంటే ముందు 'ఇన్', వెనక 'లో', ఒకే పనికి రెండు. "టైముకు వచ్చిండు" అంటే ఎంత హాయి! "బస్సులకెల్లి దిగిండు" అన్నప్పుడు 'కెల్లి' చేసేది 'నుంచి' చేసే పనే, అదీ నామవాచకానికి వెనకే నిలబడి.