పాయిన్‌సెట్ కౌంటీ: వ్యవసాయ సబ్సిడీలు

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రపు ఈశాన్యాన, మిసిసిపీ నదికి పడమటి పల్లపు నేలల్లో ఉన్న గ్రామీణ కౌంటీ పాయిన్‌సెట్. ముఖ్యపట్టణం హారిస్‌బర్గ్, పంటలు వరి, సోయా, పత్తి. ఆ దేశంలో పండే వరిలో సుమారు సగం ఆర్కన్సాదే. ఇక్కడి సేద్యానికి ఫెడరల్ ప్రభుత్వం 1933 నుంచి ఏదో ఒక రూపంలో డబ్బు చెల్లిస్తూ వచ్చింది. చట్టాలు మారాయి, పథకాల పేర్లు మారాయి. సాయాన్ని భూమి కాగితాన్ని బట్టి కొలిచే అలవాటు మాత్రం పోలేదు. సబ్సిడీ ఎంత ఇచ్చారన్న దానికన్నా దాన్ని దేనికి ముడిపెట్టారన్నదే ముఖ్యమని ఈ కౌంటీ చరిత్ర చూస్తే అర్థమవుతుంది.

పత్తి ధర పెంచడానికి 1933లో అధ్యక్షుడు రూజ్వెల్ట్ ప్రభుత్వం సాగు తగ్గించిన వారికి పరిహారం ఇచ్చింది. ఒప్పందం మీద సంతకం భూయజమానిది. పరిహారంలో కొంత కౌలుదారుకు పంచాలన్న నియమం ఉన్నా, పంచే చెయ్యి కూడా యజమానిదే. పాలుకు చేసుకునే కుటుంబాన్ని ఖాళీ చేయించి కూలీలతో పని గడుపుకుంటే పంచాల్సిన అవసరమే ఉండదు. దక్షిణాదిన ఎన్నో చోట్ల అలాగే జరిగింది. 1934 జులైలో ఈ కౌంటీలోనే, టైరోంజా దగ్గర, 11 మంది తెల్లవాళ్లు, ఏడుగురు నల్లవాళ్లు కలిసి దక్షిణాది కౌలురైతుల సంఘం పెట్టుకున్నారు. జాతి విభజన చట్టంగా అమలవుతున్న రోజుల్లో అది మామూలు తెగువ కాదు. కౌలుదార్లను తొలగించరాదన్నదే ఆ ఒప్పందానికి అర్థమని వాదించిన వ్యవసాయ శాఖ న్యాయవాదులను 1935 ఫిబ్రవరిలో ఆ శాఖే ఉద్యోగాల నుంచి తీసేసింది.

ఇప్పటి పద్ధతి 2014 చట్టంతో వచ్చింది. పంటకో ఆధార ధర ఉంటుంది. మార్కెట్ సగటు ధర అంతకంటే పడిపోతే తేడాను ప్రభుత్వం భర్తీ చేస్తుంది. పొడుగు గింజ వడ్లకు వంద పౌండ్లకు 14 డాలర్లుగా ఉన్న ఈ ధరను 2025 చట్టం 16.90కి పెంచింది. అయితే చెల్లింపు ఈ ఏటి పంట మీద కాదు, ‘బేస్ ఎకరాల’లో 85 శాతం మీద. గతంలో ఆ నేలలో ఏం పండిందో దాన్ని బట్టి రాసుకున్న లెక్క అది. వరి బేస్ ఉన్న మడిలో ఇప్పుడు సోయా వేసినా డబ్బు వరి లెక్కనే వస్తుంది. పొలం చేతులు మారితే ఆ హక్కూ దాని వెంటే పోతుంది. మనిషికి 1,25,000 డాలర్లుగా ఉన్న గరిష్ఠ పరిమితిని 2025లో 1,55,000 చేశారు. భాగస్వామ్య సేద్యంలో ఒక్కో భాగస్వామికి పరిమితి విడివిడిగా వర్తిస్తుంది కాబట్టి పెద్ద కమతానికి అది పెద్ద అడ్డు కాదు.

నగదు కౌలు అయితే చెల్లింపు సాగుదారుకే అందుతుంది కదా అనవచ్చు. నిజమే. సబ్సిడీలో నాలుగో వంతు మాత్రమే కౌలు రూపంలో యజమానికి చేరుతుందని ఆర్థికవేత్త బారెట్ కిర్వాన్ 2009లో లెక్కగట్టాడు. కానీ అది ఇప్పటికే కౌలుకు భూమి దొరికినవారి లెక్క. బేస్ ఎకరాలు ఎక్కువున్న రైతు ఎక్కువ కౌలు పాడగలడు; ఆ పాటలో నిలవలేక బయటే ఉండిపోయిన వారు ఏ లెక్కలోకీ రారు. సబ్సిడీ డబ్బు పల్లెను నిలబెడుతుందన్నది మరో వాదన. 1950లో సుమారు 39 వేలున్న కౌంటీ జనాభా 2020 నాటికి 23 వేలకు పడిపోయింది. ఇందుకు అసలు కారణం పత్తి తీసే యంత్రాలే. సబ్సిడీని దోషిగా నిలబెట్టడం తప్పు. అయినా ఎకరాన్ని బట్టి వచ్చే డబ్బు ఆ వలసను ఆపలేకపోయిందన్నది మాత్రం స్పష్టం.

చెల్లింపును భూమికి కాక సాగుదారుకు ముడిపెట్టాలంటే ఆ సాగుదారెవరో తేల్చడం కష్టమన్న అభ్యంతరం వస్తుంది. దానికి తెలంగాణలో కొంత ఆధారం ఉంది. అక్కడ కౌలు చాలావరకు నోటిమాట; 2018లో రైతుబంధు కింద పంటకు ఎకరానికి 4,000 రూపాయలు పట్టాదారుకే ఇచ్చారు, కౌలు రైతుకు దక్కలేదు. పాయిన్‌సెట్‌లో ఆ ఇబ్బంది లేదు. ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో పథకాల్లో చేరిన రైతులు ఏటా వ్యవసాయ శాఖ స్థానిక కార్యాలయంలో రాసి ఇస్తారు. చెల్లింపును ఆ రాతకు ముడిపెట్టడానికి చట్టంలో ఒక్క మాట మారిస్తే చాలు.