ఐఐటీ గుమ్మం దగ్గర మన లెక్క

జేఈఈ ఫలితాలు వచ్చిన రోజు పత్రికల మొదటి పేజీ నిండా ర్యాంకుల ఫొటోలే ఉంటాయి. ఆ కాగితం మన గూడేనికి సంత నుంచి బజ్జీల పొట్లంగా చేరడానికి నాలుగు రోజులు పడుతుంది. దాన్ని సాపు చేసి చదివిన పిల్ల "మనకు ఐఐటీ వస్తుందా సార్?" అని అడిగితే, మనలో చాలామందిమి "అది మనలాంటోళ్లకు కాదమ్మా" అనేస్తాం. లెక్క చూడకుండా చెప్పే జవాబు అది.

మొదటి ఐఐటీ 1951లో పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైంది. స్వాతంత్ర్యం కోసం పోరాడినవాళ్లను తెల్లదొరలు బంధించిన చోటు అది. 1931లో అక్కడ కాల్పులు జరిపి ఇద్దరు ఖైదీలను చంపారు. ఆ మేదినీపూర్ ప్రాంతంలో సంతాలులు తరతరాలుగా ఉన్నారు. రాజ్యాంగంలో మన చదువుకు ప్రత్యేక ఏర్పాటు చేసే వీలు కల్పించిన 15(4) చేరింది కూడా 1951లోనే. అయినా ఐఐటీల్లో రిజర్వేషన్ 1973లో గానీ రాలేదు. ఇరవై రెండేళ్లు! ఒక తరం మొత్తం గుమ్మం బయటే ఉండిపోయింది. మన పెద్దల నోట "మనకు కాదు" అన్న మాట ఊరికే పుట్టలేదు.

ఇప్పుడు ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. నలభై సీట్ల బ్రాంచిలో మూడు. ఆ మూడింటికి పోటీ ఎస్టీ ర్యాంకుల జాబితాలోనే జరుగుతుంది. పత్రికలో ఫొటో పడిన పిల్లవాడి ర్యాంకుతో మన పిల్ల పోల్చుకోనక్కర్లేదు. ఏటా ఏ ఐఐటీలో, ఏ బ్రాంచిలో, ఏ ఎస్టీ ర్యాంకు దగ్గర సీట్లు ముగిశాయో జోసా ప్రకటిస్తుంది. చివరి రౌండు అంకెలు, కనీసం మూడేళ్లవి, పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ ఎంతవరకో తెలుస్తుంది. ఎస్టీ జాబితాలో చేరడానికి కావలసిన కనీస మార్కులు సాధారణ అభ్యర్థులవాటిలో సగం. అవీ రాకపోతే, మిగిలిన సీట్ల కోసం ప్రిపరేటరీ కోర్సు ఉంది. ఏడాది పాటు ఐఐటీలోనే చదివి నెగ్గితే, మళ్లీ జేఈఈ రాయకుండా బీటెక్‌లో చేరవచ్చు. అంకె పక్కన 'పి' అక్షరం కనిపిస్తే అది ఆ కోర్సు ర్యాంకు. మన ఉపాధ్యాయుల్లోనే ఈ సంగతి తెలియనివాళ్లు ఎందరో.

అలాగని ఇది సులువని చెప్పం. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ రాయవచ్చు. దాన్ని దాటాక వచ్చే అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే. ఇంట్లో గోండీయో సవరో మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకున్న పిల్లకు అది మూడో భాష. వయసులో మనకు ఐదేళ్ల సడలింపు ఉంది. ఆలస్యంగా బడిలో పడ్డ పిల్లలకు అది మేలే. కానీ అడ్వాన్స్‌డ్ రాసే అవకాశం వరసగా రెండేళ్లలో రెండుసార్లే. ఇంటర్ అయిన రెండేళ్లకు ఈ పరీక్ష పేరు విన్న పిల్లకు ఆ ఐదేళ్లు దేనికి పనికొస్తాయి? మనలో మనం అనుకోవలసిన మాట మరొకటుంది. రోడ్డు పక్క గురుకులంలో చదివిన పిల్లా, వాగు దాటి నడిచొచ్చే చెంచు పిల్లా ఒకే జాబితాలో పోటీ పడతారు.

2016 నుంచి ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ట్యూషన్ ఫీజు లేదు. ఖర్చు లేదనుకుని అక్కడే పొరబడతాం. సీటు ఖాయం చేసుకునే సొమ్ము ముందుగా కట్టాలి. 2024లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక దళిత కూలీ కొడుక్కి ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చింది. గడువులోపు 17,500 రూపాయలు కట్టలేక అది పోయింది. సుప్రీంకోర్టు దాకా వెళ్తే, చేర్చుకోమని సెప్టెంబరు 30న తీర్పు వచ్చింది. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే మన పిల్లలు ఢిల్లీ దాకా వెళ్లలేరు. కౌన్సెలింగ్ మొదలవక ముందే ఆ సొమ్మూ, కుల ధ్రువపత్రమూ బడిలోనే సిద్ధంగా ఉంచడం మన చేతిలో ఉన్న పని.