పేరు మన తెప్పది, షౌక్ వాళ్లది

చుక్కాని అనే మాట అరబీ 'సుక్కాన్' నుంచి మనకొచ్చింది. లంగరు ఫార్సీ. సముద్రం మీద తిరిగే మాటలకు పాస్‌పోర్టు ఉండదు జనాబ్, ఏ రేవులో దిగితే ఆ రేవులో కాపురం పెట్టేస్తాయి. మన ఒడ్డు నుంచి కూడా ఒక మాట అలాగే పరదేశం వెళ్లింది. కట్టుమరం. తమిళంలో కట్టు అంటే కట్టడం, మరం అంటే మాను. మన విశాఖ వైపు దాన్నే తెప్ప అంటారు. ఇంగ్లిష్‌వాళ్ల నోట్లో పడి అది కాటమరాన్ అయింది. విలియం డాంపియర్ అనే ఇంగ్లిష్ నావికుడు కోరమాండల్ తీరంలో దీన్ని చూసి, 1697లో అచ్చయిన తన సఫర్‌నామాలో రాసుకున్నాడు.

ఇవాళ కాటమరాన్ అంటే ప్రపంచమంతా అనుకునేది రెండు సన్నటి దోనెలు, వాటి మధ్య అడ్డకర్రలు, పైన పెద్ద బాద్‌బాన్, అంటే తెరచాప. హకీకత్ ఏమిటంటే మన తెప్ప అది కాదు. నాలుగైదు దుంగల్ని పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగిస్తే తెప్ప. దానికి కడుపు లేదు కాబట్టి మునగదు. కెరటం మీద పడితే నీళ్లు దుంగల సందుల్లోంచి జారిపోతాయి. వేట ముగిశాక తాళ్లు విప్పి దుంగల్ని ఇసుకలో ఆరబెడతారు, లేకపోతే నీళ్లు తాగి బరువెక్కుతాయి. రెండు దోనెల పడవ వేరే ఖాందాన్. అది పసిఫిక్ దీవుల పాలినీషియన్లది. ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఇంటిల్లిపాదీ, విత్తనాలూ, పందులూ కోళ్లతో సహా వలస వెళ్లింది అలాంటి పడవల మీదే. యూరప్‌వాళ్లు ఈ రెంటినీ కలిపేసి, మన పేరు తీసుకెళ్లి వాళ్ల పడవకు తగిలించారు. నామ్ కిసీకా, కామ్ కిసీకా.

ఆ పడవ కిటుకు చెబితేగానీ తర్వాతి తకరారు అర్థం కాదు. మామూలు తెరచాప పడవ గాలికి ఒరుగుతుంది. ఒరిగి పడిపోకుండా దాని అడుగున సీసమో ఇనుమో బరువు పెడతారు. ఆ బరువునంతా గాలే లాక్కుపోవాలి. జంటదోనెల పడవకు ఆ బరువు అక్కర్లేదు. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిలా వెడల్పే దాన్ని నిలబెడుతుంది. తేలిక, పైగా సన్నటి దోనెలు నీళ్లను కోసుకుపోతాయి, అందుకే ఆ వేగం. ఐబు ఒకటే. మరీ ఒరిగితే మాత్రం తనంతట తాను లేవదు. తాబేలులా వెల్లకిలా పడి, కొయ్యస్తంభం సముద్రపు అడుగు వైపు చూపిస్తూ ఉంటుంది.

యూరప్‌లో దీన్ని మొదట పట్టుకున్నవాళ్లలో ఒకడు విలియం పెటీ. అర్థశాస్త్రం చదివినవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది. 1662లో డబ్లిన్‌లో జంట అడుగుల పడవ కట్టించాడు. రెండో చార్లెస్ రాజు నవ్వాడు. ఆ పడవల్లో ఒకటి తుఫానులో పోయింది. ఆ ముచ్చట అక్కడితో చల్లారింది.

అసలు దాస్తాన్ 1876 జూన్‌లో, న్యూయార్క్‌లో. అమెరికా స్వాతంత్ర్యానికి వందేళ్లు నిండిన సందర్భంగా పెట్టిన పందెం అది. రోడ్ ఐలండ్‌లోని బ్రిస్టల్ ఊరి నుంచి నతానియెల్ హెరెషాఫ్ అనే కుర్రాడు, ఇరవై ఎనిమిదేళ్లవాడు, తను గీసిన జంటదోనెల పడవతో వచ్చాడు. పేరు అమరిల్లిస్, పొడవు ఇంచుమించు 25 అడుగులు. రయీసుల పడవలన్నిటినీ వెనక వదిలేసి దూసుకుపోయింది. పందెం అయ్యాక ఓడినవాళ్లు ఎతరాజ్ పెట్టారు, ఇది పడవే కాదని. ఫైసలా వాళ్ల వైపే వచ్చింది. జంటదోనెలకు మామూలు పందేల్లో దర్వాజా మూసేశారు. ఎన్నికల వార్తలు రాసే నాకు ఈ ఫిర్యాదు కొత్తగా ఏమీ అనిపించదు. గెలిచినవాడు రూల్ తప్పాడని కాదు వాళ్ల బాధ, రూల్ రాసేటప్పుడు అతను గుర్తుకు రాలేదని.

హెరెషాఫ్ మరుసటి ఏడాది దానికి పేటెంట్ తీసుకున్నాడు. కొన్ని కట్టాడు కూడా. తర్వాత, రోజీ రోటీ కదా, ఒంటి అడుగు పడవలకే వెళ్లిపోయాడు. చూపులేని అన్న జాన్‌తో కలిసి 1878లో కంపెనీ పెట్టి, 1893 నుంచి 1920 దాకా అమెరికాస్ కప్‌ను కాపాడిన పడవలన్నీ తనే గీశాడు. బయటికి గెంటినవాళ్ల కోసమే అంత గొప్ప పని చేశాడంటే నాకు అభిమానమూ ఉంది, కొంచెం కోపమూ ఉంది. అతను పట్టుదలగా జంటదోనె మీదే నిలబడి ఉంటే ఈ ఆటకు డెబ్బై ఏళ్లు కలిసొచ్చేవి.

ఎందుకంటే ఆ మూసిన దర్వాజా రెండో ప్రపంచయుద్ధం దాకా సరిగ్గా తెరుచుకోలేదు. తెరిచింది కూడా పెద్ద క్లబ్బులవాళ్లు కాదు, షౌకీన్లు. హవాయిలో వుడీ బ్రౌన్ అనే అతను, ఇంజన్‌లేని గ్లైడర్లు నడిపినవాడు, యుద్ధకాలంలో క్రిస్మస్ దీవిలో స్థానికుల జంటదోనెను చూశాడు. 1947లో ఆల్‌ఫ్రెడ్ కుమలాయీ, రూడీ చోయ్‌లతో కలిసి 'మను కాయ్' కట్టాడు. సముద్రపక్షి అని అర్థం. ఇంగ్లండ్‌లో కాన్వే దీవికి చెందిన ప్రౌట్ అన్నదమ్ములు, రోలండ్, ఫ్రాన్సిస్, తెడ్డు పడవల మనుషులు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో పాల్గొన్నవాళ్లు. రెండు కయాక్‌లను పక్కపక్కన పెట్టి కలిపి తెరచాప ఎత్తి చూశారు. ఆ తమాషాలోంచే 50ల మధ్యలో షియర్‌వాటర్ అనే పడవ పుట్టింది. ఇంట్లో ప్లైవుడ్‌తో కట్టుకోగలిగినవాళ్లు కట్టుకున్నారు, వారాంతాల్లో పందేలు వేసుకున్నారు.

ఇక హోబీ ఆల్టర్. కాలిఫోర్నియావాడు, 1933లో పుట్టాడు. కెరటాలమీద జారే సర్ఫ్ బోర్డులు చేసే కారీగర్. గట్టి అడుగున్న బూట్లు తొడుక్కోకుండా, పసిఫిక్ తీరం రోడ్డుకు తూర్పున పనికి వెళ్లకుండా బతకాలన్నది కుర్రప్పుడు అతని ఖ్వాహిష్ అని చెబుతారు. నిజంగానే అలాగే బతికాడు. 1968లో 14 అడుగుల హోబీ క్యాట్ బజారులోకి తెచ్చాడు, ఒక్కరు నడిపేది. వెంటనే ఇద్దరి కోసం హోబీ 16. పొడవు 5.05 మీటర్లు, వెడల్పు 2.41, బరువు 145 కిలోలు. ఇద్దరు మనుషులు ఇసుకమీద లాక్కెళ్లగలరు, రేవు అక్కర్లేదు, క్లబ్బు మెంబర్‌షిప్ అక్కర్లేదు. దోనెలు అరటిపండులా వంగి ఉంటాయి. లోపలి పక్క ఒక తీరు, బయటి పక్క ఇంకో తీరు. ఆ వంపే పడవ పక్కకు జారకుండా పట్టుకుంటుంది, కింద వేరే పలక దించాల్సిన పని లేదు. చుక్కానులు ఇసుక తగలగానే పైకి లేస్తాయి. మధ్యలో నులకమంచంలా బిగించిన బట్ట, దాని మీద కూర్చోవడం. గాలి బలంగా ఉంటే నడుముకు తీగ కట్టుకుని పడవ బయటికి వేలాడతారు. ముక్కు నీళ్లలోకి గుచ్చుకుని పల్టీ కొట్టడం దీనికి మామూలే. పడ్డాక తాడు పట్టుకుని వెనక్కి వాలి లేపుకుంటారు, మళ్లీ ఎక్కుతారు.

పందెంలో ఇన్సాఫ్ ఎలాగంటే, అందరి పడవా ఒకే అచ్చు. తెరచాపలు కూడా కంపెనీవే, డబ్బున్నవాడు మెరుగైనది కొనుక్కోలేడు. ఇద్దరి బరువు కలిపి 129 కిలోలు ఉండాలి, తక్కువైతే బరువు మోసుకెళ్లాలి. కాబట్టి మొగుడూ పెళ్లాలు, తండ్రీ కూతుళ్లు కూడా జోడీగా పోటీకి దిగొచ్చు. ప్రపంచమంతా కలిపి హోబీ 16లు లక్షకు పైగా తయారయ్యాయి. 1976లో ఆల్టర్ కంపెనీని కోల్‌మన్ వాళ్లకు అమ్మేశాడు.

ఈ షౌక్‌కు ప్రాణాలు కూడా పోయాయి, అది దాచకూడదు. స్తంభం అల్యూమినియంది, ఇరవయ్యారు అడుగులకు పైగా ఎత్తు. ఒడ్డున దాన్ని నిలబెట్టి పడవను లాగుతుంటే పైనున్న కరెంటు తీగలకు తగిలి మనుషులు చనిపోయారు. కేసులయ్యాయి. 80ల్లో స్తంభం పైభాగాన్ని కరెంటు పారని ఫైబర్‌తో మార్చారు. ఫోటోల్లో కొన తెల్లగా కనబడితే అందం కోసం అనుకోకండి.

మోంట్రియల్ ఒలింపిక్స్ నాటికి, అమరిల్లిస్‌ను గెంటిన సరిగ్గా వందేళ్లకు, 1976లో జంటదోనెకు ఒలింపిక్స్‌లో చోటు దొరికింది. రాడ్నీ మార్చ్ 1967లో గీసిన టొర్నాడో అనే పడవ. మొదటి బంగారు పతకం బ్రిటన్ జోడీ రెజ్ వైట్, జాన్ ఆజ్‌బర్న్‌లది. ఆ చోటూ పక్కాది కాదు. 2008 తర్వాత తీసేశారు. 2012 లండన్‌లో లేదు. 2016 రియోలో నాక్రా 17 పేరుతో మళ్లీ వచ్చింది, ఈసారి ఒక ఆడ, ఒక మగ కలిసి నడపాలని షర్తు. ఆ బంగారం అర్జెంటీనాకు చెందిన సాంటియాగో లాంగే, సిసిలియా కరాంజా గెలిచారు. లాంగేకు అప్పుడు 54 ఏళ్లు. అంతకు ముందు ఏడాదే కాన్సర్‌తో ఊపిరితిత్తిలో భాగం తీసేశారు.

మన హుస్సేన్ సాగర్‌లో ఏటా జరిగే సెయిలింగ్ పోటీల్లో ఎక్కువగా కనబడేవి ఒంటి అడుగు పడవలే, లేజర్లూ పిల్లల ఆప్టిమిస్టులూ. విశాఖ ఒడ్డున దుంగల తెప్పలు చాలామటుకు పోయి ఫైబర్‌వి వచ్చేశాయి. వాటికి మోటారుంది, బాద్‌బాన్ అవసరం తగ్గింది, ఆకారం పూర్తిగా మారిపోయింది. జాలర్లు మాత్రం దాన్ని ఫైబర్ తెప్ప అనే అంటున్నారు.