సవ్యసాచి యనదగిన తెలుగు బాలిక



ఉభయహస్తములతో బాణము వేయగల అర్జునుని సవ్యసాచి యనిరి. క్రికెట్టున బ్యాటు పట్టి పరుగులు తీయుటయు, బంతి వేసి ఎదిరిపక్షమును పడగొట్టుటయు నేర్చినవారిని ఆల్‌రౌండరు లందురు. గొంగడి త్రిష యట్టిది.

మన దేశపు స్త్రీలు 1976లో బెంగుళూరున వెస్టిండీసుతో తొలి టెస్టు నాడిరి. నాడది జీవనోపాధి కాదు. భారత క్రికెట్ నియంత్రణ మండలి 2006లో స్త్రీల క్రికెట్టును చేపట్టెను. 2022లో పురుషులతో సమానమైన ఆటరుసుము ప్రకటించెను.

త్రిష 2005లో భద్రాచలమున జన్మించెను. ఆమె శిక్షణకై తండ్రి రామిరెడ్డిగారు స్వస్థలము వీడి సికిందరాబాదు చేరిరి. పందొమ్మిదేండ్లలోపు బాలికల తొలి ప్రపంచకప్పు 2023లో జరుగగా, ఇంగ్లండుపై గెలిచిన తుదిపోటీలో ఆమె 24 పరుగులు చేసెను. 2025లో మలేషియాలో స్కాట్లండుపై 59 బంతులలో 110 పరుగులు చేసి అజేయముగా నిలిచెను. ఆ పోటీల చరిత్రలో అదియే తొలి శతకము. తుదిపోటీలో 15 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసెను. దక్షిణాఫ్రికా 82 పరుగులకే కూలెను. పిదప త్రిష 44 పరుగులతో అజేయయై విజయము సాధించిపెట్టెను. మొత్తము 309 పరుగులు, 7 వికెట్లతో ఆ పోటీల ఉత్తమ క్రీడాకారిణి యయ్యెను.

చిత్తూరు సీమ బడులలో నేను బోధించిన కాలమున పరుగులో మగపిల్లలను మించిన బాలికలను చూచితిని. ఈడేరగానే వారికి మైదానము దూరమయ్యెడిది. బిడ్డ కొరకు ఊరు విడువగల తండ్రులు కొందరే. తక్కినవారి మాటేమి? రచ్చబండ పెద్దలారా, సాయంకాలమున బడి మైదానమును ఒక్క గంట ఆడపిల్లలకు విడిచిపెట్టుడు. అది మన చేతిలోని పని.