ముందు లీజు, తరవాత పరిశీలన

మన ఫీల్డులో ఒక పాత అలవాటుంది. కోడంతా రాసేసి, క్లయింటుకి డెమో కూడా ఇచ్చేసి, ఆడిట్ ఉందని తెలియగానే రాత్రికి రాత్రి డిజైన్ డాక్యుమెంటు తయారుచేయడం. ఆ డాక్యుమెంటు చూడముచ్చటగా ఉంటుంది. డబ్బాలుంటాయి, బాణాలుంటాయి, "పరిశీలించిన ఇతర మార్గాలు" అని ఒక హెడ్డింగు కింద మూడు పేరాలు కూడా ఉంటాయి. లేనిదల్లా ఒకటే: దాన్ని చదివినవాళ్ళెవరైనా ఒక్క నిర్ణయమైనా మార్చగలిగే అవకాశం.

అడవిలో పవర్ ప్లాంటు పెట్టేటప్పుడు కూడా ఇలాగే జరిగితే? ఎందుకు అడుగుతున్నానంటే, 2025 సెప్టెంబర్లో కేంద్రం జాతీయ జియోథర్మల్ విధానం ప్రకటించింది. జియోథర్మల్ అంటే భూమి లోపలి వేడితో కరెంటు తీయడం. ఇదేదో ఐస్‌లాండ్ వ్యవహారం, మనకెందుకు అనుకోకండి. గోదావరి లోయ కూడా లెక్కలో ఉంది. మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణివాళ్ళు బొగ్గు కోసం బోర్లు వేస్తుంటే వేడినీళ్ళు వాటంతటవే పైకి తన్నుకొచ్చాయి. ఆ నీళ్ళతో 20 కిలోవాట్ల చిన్న ప్రయోగాత్మక ప్లాంటు పెట్టారు. 20 కిలోవాట్లంటే ఓ పది ఏసీలు నడుస్తాయి, అంతే. అక్కడ అగ్నిపర్వతమేమీ లేదు. గోదావరి లోయ అంటే భూమి పెంకు చీలి కుంగిన పెద్ద తొట్టి లాంటిది. అందులో ఇసుకరాయి, బొగ్గు పొరలు పేరుకున్నాయి. వాననీరు ఆ రాళ్ళలోంచి చాలా లోతుకి దిగి, వేడెక్కి, పగుళ్ళ వెంట మళ్ళీ పైకి వస్తుంది. ఈ నీళ్ళు టర్బైన్ తిప్పేంత ఆవిరి ఇవ్వవు. అందుకని తక్కువ వేడికే మరిగే ఇంకో ద్రవాన్ని ఈ నీళ్ళతో మరిగించి, దాని ఆవిరితో తిప్పుతారు.

నాకు ఈ టెక్నాలజీ అంటే ఇష్టం. బొగ్గు తవ్వక్కర్లేదు, బూడిద చెరువులుండవు, సోలార్ లాగా సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగిపోదు. కాబట్టి ఇది జియోథర్మల్ వద్దు అని చెప్పే టపా కాదు. పెట్టాలా వద్దా అనే ప్రశ్న ఏ రోజు అడగాలి అన్నదే నా గొడవ. ఈ గొడవ మీద దాదాపు ముప్పయ్యేళ్ళు నడిచిన కథ ఒకటి ఉంది. అది జరిగింది కాలిఫోర్నియాలో, మనవాళ్ళు బోలెడుమంది ఉండే బే ఏరియాకి ఉత్తరంగా.

షాస్తా పర్వతం చూడ్డానికి వెళ్ళినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. దానికి ఈశాన్యంగా మెడిసిన్ లేక్ అని ఒక సరస్సు ఉంది, పాత అగ్నిపర్వతం నోట్లో. చుట్టూ ప్రభుత్వ అడవి, మోడాక్, క్లమాత్ నేషనల్ ఫారెస్టులు. పిట్ రివర్ తెగవాళ్ళకి ఆ సరస్సు పవిత్రం. జబ్బు నయం చేసుకోడానికీ, పిల్లలకి పెద్దరికం వచ్చే వేళ చేసే క్రతువులకీ అక్కడికే పోతారు. మన కొండగట్టో ధర్మపురో అనుకోండి. కాకపోతే అక్కడ గుడి లేదు, గోపురం లేదు. సరస్సూ, చుట్టూ ఉన్న అడవీ, నిశ్శబ్దమూ, అన్నీ కలిపి గుడి.

1988లో అమెరికా ప్రభుత్వం ఆ అడవిలో జియోథర్మల్ లీజులు ఒక కంపెనీకి ఇచ్చింది, పదేళ్ళ గడువుతో. 1996లో అవి కాల్పైన్ అనే కంపెనీ చేతికొచ్చాయి. వాళ్ళు ఫోర్‌మైల్ హిల్ అనే చోట ప్లాంటు పెడతామన్నారు. సామర్థ్యం 49.9 మెగావాట్లు. 50 ఎందుకు కాదు? కాలిఫోర్నియాలో 50 మెగావాట్లూ, ఆపైన ఉన్న థర్మల్ ప్లాంట్లకి రాష్ట్ర ఎనర్జీ కమిషన్ లైసెన్సు కావాలి. బౌండరీ వాల్యూ టెస్టింగ్ చేసినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. మన దగ్గరా జలవిద్యుత్తుకి 25 మెగావాట్ల లోపైతే పర్యావరణ అనుమతి అక్కర్లేదని 2006 నోటిఫికేషన్లో గీత గీశారు. ఆ గీతకి వెంట్రుకవాసి కింద ఆగిన ప్రాజెక్టులు వెతికితే చాలానే దొరుకుతాయి.

సరే, ఫోర్‌మైల్ హిల్ సంగతి. 1998లో ప్లాంటు మీద పర్యావరణ ప్రభావ నివేదిక వచ్చింది. చాలా వివరంగానే రాశారు. తెగవాళ్ళ అభ్యంతరాలు రాశారు, శబ్దం గురించీ ఆవిరి మేఘాల గురించీ రాశారు. కానీ ఒక చిక్కుంది. పదేళ్ళ గడువు ముగుస్తుండగా లీజుల్ని అదే ఏడాది ఇంకో అయిదేళ్ళు పొడిగించేశారు, నివేదిక తుదిరూపానికి రాకముందే. లీజు ఇచ్చినప్పుడు ఏ పరిశీలన జరిగింది అంటే, 1973 నాటి ఒక సాధారణ నివేదికనీ, 1980ల మొదట్లో రాసిన చిన్న మదింపుల్నీ చూపించారు. ఆ ప్రత్యేకమైన సరస్సు దగ్గర, ఆ ప్రత్యేకమైన అడవిలో ప్లాంటు పెట్టడం గురించి అప్పట్లో ఎవరూ లోతుగా చూడలేదు.

తెగవాళ్ళు కోర్టుకెళ్ళారు. కింది కోర్టులో ఓడిపోయారు. 2006 నవంబర్లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఆ తీర్పుని తిప్పేసింది. దాని సారాంశం నా మాటల్లో: మీరు తర్వాత రాసిన నివేదిక ఎంత బాగున్నా లాభం లేదు, ఎందుకంటే లీజు పొడిగించిన క్షణంలోనే కంపెనీకి హక్కు వచ్చేసింది. ఆ తర్వాత మీరు చర్చించినదంతా ప్లాంటు ఎలా పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నదే. అసలు ఈ కొండల్లో కరెంటు తీయాలా అనే ప్రశ్న మీరు ఎప్పుడూ అడగలేదు.

ఈ ఒక్క వాక్యం కోసమే నేను ఈ కథంతా చెప్పాను. 'ఎలా' అనే ప్రశ్నకి వెయ్యి పేజీలు రాసినా, 'అసలు' అనే ప్రశ్నకి ఒక్క పేజీ కూడా రాసినట్టు కాదు. ఆ తర్వాత కూడా వ్యాజ్యాలు నడిచాయి. 1998లోనే మరికొన్ని లీజులకి నలభయ్యేళ్ళ పొడిగింపు ఇచ్చారు, అది కూడా 2019లో అదే అప్పీళ్ళ కోర్టులో నిలబడలేదు. ఫోర్‌మైల్ హిల్ ప్లాంటు కట్టనే లేదు.

ఇప్పుడు మన కోరుట్ల వైపొద్దాం. మా దిక్కు జియోథర్మల్ లేదు గానీ, అడవిలోంచి వచ్చిన నీళ్ళున్నాయి. జగిత్యాల జిల్లాలో రాంపూర్, రాజేశ్వర్‌రావుపేట పంపుహౌసులు చూసే ఉంటారు. శ్రీరాంసాగర్ నుంచి మిడ్ మానేరు వైపు కిందికి పారాల్సిన వరద కాలువలో నీళ్ళని ఎదురు ఎక్కించడానికి కట్టారు, కాళేశ్వరం ప్రాజెక్టులో భాగంగా. ఆ ప్రాజెక్టు కోసం మొత్తం మూడువేల హెక్టార్ల పైచిలుకు అడవి భూమి మళ్ళించారు.

తేదీలు చూడండి. మేడిగడ్డ దగ్గర శంకుస్థాపన 2016 మే 2న. ప్రజాభిప్రాయ సేకరణ సభలు 2017 ఆగస్టులో. అడవిలో పనులు ఆపమని ఎన్‌జీటీ స్టే ఇచ్చింది 2017 అక్టోబర్లో. హైకోర్టు ఆ స్టే తీసేసింది నవంబర్లో. పర్యావరణ అనుమతి వచ్చింది 2017 డిసెంబర్ 22న. ప్రజల్ని పిలిచి మీ అభిప్రాయం చెప్పండి అని అడిగేసరికి సొరంగాలు తవ్వుతున్నారు, పైపులకి ఆర్డర్లు పోయాయి. ఈ పనుల్లో కొన్ని 2008 నాటి ప్రాణహిత-చేవెళ్ళ కాలంలోనే మొదలైనవి. ప్రభుత్వం వాదన ఏంటంటే, అప్పటిదాకా చేసినవి తాగునీటి పనులు, వాటికి ముందస్తు అనుమతి అక్కర్లేదు అని. 2020 అక్టోబర్లో ఎన్‌జీటీ దీన్ని ఒప్పుకోలేదు. పని అయ్యాక ఇచ్చిన అనుమతి చట్టవిరుద్ధం అంది. అని, ఏం చేసింది? జరిగిన నష్టం అంచనా వేయడానికి కమిటీ వేయమంది. అప్పటికి ప్రాజెక్టు ప్రారంభోత్సవం జరిగి ఏడాది దాటింది. అంతకంటే ఎవరు మాత్రం ఏం చేయగలరు?

కోరుట్లలో కూర్చుని ఈ మాటంటే "ఏందిరా, నీళ్ళొద్దంటవా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బోర్లు ఎండి, పసుపు పంట ఎండి, ఇంటికో మనిషి దుబాయ్ పోయిన ఊళ్ళు మావి. నీళ్ళొద్దని ఎవడంటాడు? కానీ నీళ్ళు కావాలా అన్నది ఒక ప్రశ్న, ఈ దారిలోనే కావాలా అన్నది ఇంకో ప్రశ్న. రెండోదాన్ని 2016కి ముందు అడిగుంటే జవాబు ఇదే వచ్చేదేమో, మారేదేమో. అడగలేదు కాబట్టి ఆ రెండూ కలిసిపోయి, అభ్యంతరం చెప్పినవాడల్లా నీళ్ళకి శత్రువైపోయాడు. (2023 అక్టోబర్లో మేడిగడ్డ పియర్లు కుంగడాన్ని దీనికి ముడిపెట్టే వాళ్ళున్నారు. అది వేరే లెక్క. పర్యావరణ పరిశీలనలో పునాది డిజైన్ చెక్ చేయరు.)

దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంటుదీ దాదాపు ఇదే వరస, అదీ అడవి భూమిలోనే. శంకుస్థాపన 2015 జూన్‌లో, పర్యావరణ అనుమతి 2017 జూన్‌లో. 2022 సెప్టెంబర్లో ఎన్‌జీటీ ఆ అనుమతిని పక్కనపెట్టి, ఇంకా చదివి రమ్మంది. 4000 మెగావాట్ల ప్లాంటు సగం పైకి లేచాక చదివి ఏం చేస్తారు?

మరి చట్టంలో 'ముందు' అనే మాట లేదా? ఉంది. 2006 నోటిఫికేషన్ పిలిచేదే ముందస్తు పర్యావరణ అనుమతి అని. నిర్మాణం గానీ, నేల చదును చేయడం గానీ అనుమతికి ముందు మొదలుపెట్టకూడదు. అయితే ఒక మినహాయింపు ఉంది. భూమిని చేజిక్కించుకుని కాపాడుకోవడం వరకు ముందే చేసుకోవచ్చు. ఇది చదివినప్పుడు నాకు ఫోర్‌మైల్ హిల్ లీజు గుర్తొచ్చింది. అక్కడి కోర్టు ఏ గడప దగ్గర అడ్డుకుందో, మన నోటిఫికేషన్ ఆ గడప దాటి లోపలికి వచ్చాక తలుపేస్తోంది. ఇక పని అయ్యాక ఇచ్చే అనుమతుల సంగతి సుప్రీంకోర్టులోనే ఊగిసలాడింది. 2025 మే నెలలో చెల్లవంది, అదే ఏడాది నవంబర్లో ఇద్దరు జడ్జీలు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు నిలిచి ఆ తీర్పుని వెనక్కి తీసుకున్నారు.

మణుగూరు ఏజెన్సీ ప్రాంతం. కోయల ఊళ్ళు, చుట్టూ రిజర్వ్ ఫారెస్టు. గిరిజన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది, 1997 సమతా తీర్పు ఉంది, గ్రామసభల కోసం పెసా ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు గ్రామసభల్ని అడగమంటే పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. అక్కడ ఆ సమాధానం పనికొచ్చింది, ఎందుకంటే కొండ మీద గని ఇంకా మొదలవలేదు.

పగిడేరులో ఉన్న 20 కిలోవాట్ల ప్లాంటుకి ఇంత హడావుడి అక్కర్లేదు, ఒప్పుకుంటాను. ఉన్న బోరు, ఉన్న నీళ్ళు. రేపు అక్కడే పది, ఇరవై మెగావాట్లంటే లెక్క మారుతుంది. ఎక్కువ బోర్లు, వాటికి అడవిలో రోడ్లు, తీగలు. వాడిన నీళ్ళని తిరిగి లోతుకి పంపుతారా, వాగులో వదిలేస్తారా? న్యూజిలాండ్‌లో వైరాకేయి అనే చోట 1950ల నుంచి లోపలి వేడినీళ్ళు తోడి పైనే వదిలేశారు. పక్కనున్న వేడినీటి బుగ్గలు ఆగిపోయాయి, నేల కొన్నిచోట్ల పది మీటర్లకు పైగా కుంగింది. లడఖ్‌లో పూగా దగ్గర 2022లో బోరు వేస్తుంటే వేడినీళ్ళు అదుపు తప్పి వాగులో కలిశాయి. ఇవన్నీ పరిష్కారం ఉన్న ఇంజనీరింగ్ సమస్యలే. కాకపోతే ఖర్చుతో కూడినవి. ఆ ఖర్చు కలిపాక కూడా యూనిట్ ధర గిట్టుబాటవుతుందా అన్నది లీజు మీద సంతకం పడకముందు వేయాల్సిన లెక్క. కొత్త విధానం కింద ముందుగా ఇచ్చేవి అన్వేషణ హక్కులు. బోర్లు వేయడానికి కోట్లు ఖర్చుపెట్టిన కంపెనీకి, వేడి దొరికాక, గ్రామసభ వద్దంది వెళ్ళిపో అని ఏ ప్రభుత్వమూ చెప్పదు. పగిడేరు చుట్టుపక్కల ఊళ్ళని అడగాల్సింది ఆ మొదటి బోరుకి ముందు.