కళాసవర్ణం



అర సోల బియ్యంలో ఒక గిద్దె కలిపితే ఎంత? మూడు గిద్దెలు. మన అమ్మమ్మలు దీనికి పలకా బలపం అడగలేదు. సోలకి నాలుగు గిద్దెలు కనుక అర సోలని రెండు గిద్దెలుగా మార్చుకుని, ఆపైన కలిపేవారు. ఇదే పని పిల్ల నోటుపుస్తకంలో లవం, హారం, క.సా.గు. అనే పేర్లతో కనబడేసరికి, "ఆడపిల్ల, లెక్కలు తలకెక్కవులే" అనేస్తాం. ఆ మాట నాకు బొత్తిగా నచ్చదు.

9వ శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడనే జైన పండితుడు 'గణితసారసంగ్రహం' సంస్కృతంలో రాశాడు. అందులో భిన్నాల అధ్యాయం పేరు 'కళాసవర్ణం'. కళ అంటే భాగం. సవర్ణం అంటే ఒకే రంగుకి తేవడం. ఎంత ముచ్చటైన పేరో చూడండి! హారాలు వేరైతే క.సా.గు.తో ఒక్కటి చేయడం, భాగించవలసి వస్తే భాజకాన్ని తలకిందులు చేసి గుణించడం, రెండూ అందులో ఉన్నాయి. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. జైన ప్రస్తావనల చోట శైవ ప్రస్తావనలు పెట్టాడు. లెక్కకి మతం అడ్డురాలేదన్నమాట.

మహావీరుడి లెక్క ఒకటి చెబుతాను, వినండి. ఆలుమగల సరసంలో ఇల్లాలి ముత్యాలహారం తెగింది. మూడోవంతు ముత్యాలు పరిచారికని చేరాయి. ఆరోవంతు పక్కమీద పడ్డాయి. మిగిలినవాటిలో సగం, ఆ మిగిలినవాటిలో మళ్ళీ సగం, ఇలా ఆరుసార్లు చెల్లాచెదురైపోయాయి. చెదరకుండా మిగిలినవి 1161. మొత్తం ఎన్ని?

కంగారేం లేదు. మూడోవంతంటే రెండు ఆరోవంతులు. దానికి ఇంకో ఆరోవంతు కలిపితే మూడు ఆరోవంతులు. పైనా కిందా మూడుతో కొట్టేస్తే సగం. అంటే హారంలో సగం మొదటే పోయింది. ఇక ఆరుసార్లు సగం చేయడమంటారా? 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి 16 అణాలు, అణాకి నాలుగు కానులు, అంటే 64 కానులు. రూపాయిని ఆరుసార్లు సగం చేస్తే సరిగ్గా కానీ మిగిలేది. కాబట్టి ఇక్కడ మిగిలింది సగంలో 64వ వంతు, మొత్తంలో 128వ వంతు. 1161ని 128తో గుణించండి: 1,48,608 ముత్యాలు! అంత హారం ఏ మెడ మోస్తుందో నాకు తెలియదు గాని, లెక్క మాత్రం సరిపోయింది.

బీజగణితం కూడా ఈ దారిదే. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశులకి రంగుల పేర్లు వాడాడు. కాలకం, నీలకం, పీతకం, లోహితకం, అంటే నలుపు, నీలం, పసుపు, ఎరుపు. ఇవాళ్టి ఎక్స్, వైల చోట అవన్నమాట. మూడు నీలాలకి రెండు నీలాలు కలిపితే అయిదు నీలాలు. పసుపుని అందులో కలపలేం, పక్కన విడిగా ఉంచాల్సిందే. మీ అమ్మాయి ముందు గుప్పెడు రంగుపూసలు పోసి అడిగి చూడండి, ఏం చెబుతుందో.